పనికుక్క ఒడలు, కండ: పరీక్షించు తీరు

మహాభారతము ఆదిపర్వారంభమున సరమ కథ యొకటి కలదు. సరమ దేవతల కుక్క. జనమేజయ మహారాజు సత్రయాగము చేయుచుండగా సరమ కుమారుడు ఆడుకొనుచు అచ్చటికి పోయెను. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమిరి. తల్లి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: నా బిడ్డ హవిస్సును ముట్టలేదు, దానివంక కన్నెత్తి చూడలేదు, ఏ తప్పునకు కొట్టితిరి? ఆ ప్రశ్నకు సమాధానము రాలేదు. మన భాషలో కుక్కకు సారమేయ మను పేరు ఈ సరమ నుండియే వచ్చినది.

మనుష్యునికి పనిచేసిపెట్టు కుక్కల విషయమున ఇట్టి అన్యాయము నేడును తెలియక జరుగుచున్నది. నిన్నటివరకు గోడ దూకిన జాగిలము నేడు గోడవద్ద ఆగిపోవును. పోయిన ఏడు మంద ముందు పరుగెత్తిన కుక్క ఈ ఏడు మంద వెనుక నడచును. దీనికి పొగరెక్కినదనియో, సోమరితనము పట్టుకొన్నదనియో యజమాని తీర్మానించును. గొలుసు గుంజును, అదలించును, ఒక్కొక్కప్పుడు దెబ్బయు వేయును. దాని తొడలోని కండ కొన్ని నెలలుగా కరగిపోవుచున్న సంగతి ఎవరికిని తెలియదు; కుక్క చెప్పజాలదు. చెప్పజాలని ఆ దేహమును చేతితో తడవి తెలిసికొను పద్ధతి యొకటి కలదు. దానికి యంత్రములు అక్కరలేదు, ఖర్చు లేదు. ఆ పద్ధతిని వివరించుటయే ఈ ప్రసంగోద్దేశము.

పనికుక్క యనగా ముద్దుకు పెంచుకొనునది గాక, దేహశ్రమచే మనకు ఉపకరించునది. దక్కను పీఠభూమిమీద గొల్లలు, కురుమలు గొర్రెల మందలను తోలుకొని వలసపోవునపుడు, రాత్రివేళ తోడేలు రాకుండ, దొంగ రాకుండ మందచుట్టు తిరుగునది కుక్కయే. కురుమలు కొలుచు మల్లన్న పరివారములో కుక్కకు చోటున్నది. పోలీసు శాఖలోను, సైన్యములోను పేలుడు పదార్థములను, మాదకద్రవ్యములను వాసన పట్టుటకు ల్యాబ్రడార్, అల్సేషియన్, బెల్జియన్ మాలినోయి జాతుల జాగిలములు పనిచేయుచున్నవి. కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ముధోల్ ప్రాంతపు వేటకుక్కలను 2016లో సైన్యమువారు మీరట్‌లోని తమ కేంద్రమునకు శిక్షణకొరకు తీసికొనిరి. అంతకు ముందే 2005 జనవరిలో భారత తపాలాశాఖ నాలుగు స్వదేశీ జాతులకు తపాలాబిళ్ళలు వెలువరించినది. ముధోల్, రాజపాళయం, రాంపూర్ వేటకుక్కలు, హిమాలయపు గొర్రెలకాపరి కుక్క, ఇవియే ఆ నాలుగు. జాతి ఏదైనను, పని ఏదైనను, పరీక్షించు పద్ధతి ఒక్కటే.

ముందుగా ఒక మూలసూత్రము గ్రహింపవలెను. కుక్క దేహములో కొవ్వు వేరు, కండ వేరు. ఈ రెండింటిని కలిపి "ఒళ్ళు" అని ఒక్క మాటతో అనుటవలన మనకు పొరపాటు వచ్చుచున్నది. కొవ్వు గాదెలోని ధాన్యమువంటిది. లేమి వచ్చిననాడు తీసి తినుటకు దాచుకొన్నది. కండ కాడికి కట్టిన ఎద్దువంటిది. పని జరుగునది దానివలననే. గాదె నిండియుండి ఎద్దు నీరసించిన ఇల్లుండవచ్చును. ఎద్దు బలముగా నుండి గాదె అడుగంటిన ఇల్లును ఉండవచ్చును. కుక్కయు అంతే. అందుచేత రెండు లెక్కలు వేర్వేరుగా వేయవలెను.

ఈ రెండును తరుగు తీరులోకూడ భేదమున్నది. ఆరోగ్యముగా నున్న కుక్కకు తిండి చాలనప్పుడు దేహము ముఖ్యముగా కొవ్వును కరగించుకొని, కండను చేతనైనంతవరకు కాపాడుకొనును. గాదె ఖాళీయైన పిదపనే ఎద్దును అమ్ముకొను సంసారివంటి దది. కాని గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు, కంతి మొదలగు దీర్ఘవ్యాధులు పట్టినపుడు ఈ క్రమము తారుమారగును. గాదెలో ధాన్యముండగనే ఎద్దు చిక్కిపోవును. కొవ్వు కప్పియుండుటచే పైకి కుక్క పుష్టిగనే కనబడును. లోపల కండ తరిగిపోవుచుండును. కన్ను మోసపోవునది ఇక్కడనే.

కన్ను మోసపోవుటకు మరి మూడు కారణములున్నవి. దట్టమైన బొచ్చు డొక్కలను, వెన్నును కప్పివేయును. ప్రతిదినము చూచువానికి కొద్దికొద్దిగా వచ్చు మార్పు తెలియదు. ఎదుగు బిడ్డ ఎత్తు తల్లికంటె చుట్టపుచూపుగా వచ్చినవారికి ముందు తెలియునట్లే. ఇక జాతిభేదము మూడవది. ముధోల్ కుక్క సన్నని దేహము గలది. దానిని చూచి జాలిపడి తిండి ఎక్కువ పెట్టువారున్నారు. ల్యాబ్రడార్ సహజముగ బొద్దుగా కనబడును. దాని అధికభారమును జాతిలక్షణమని సరిపెట్టుకొనువారున్నారు. కావున కన్నుతో చూచుట మొదలుమాత్రమే, తీర్పు చేతిది. సంతలో ఎద్దును బేరమాడు రైతు దూరమునుండి చూచి సొమ్ము చెల్లించునా? మూపు నిమిరి, డొక్క తడవి, తొడ పట్టి చూచును. అదే విద్యను కుక్కకు అన్వయింపవలెను.

మొదట కొవ్వు లెక్క చూతము. కుక్కను సమతలముమీద నాలుగు కాళ్ళపై నిలువబెట్టవలెను. పరుగెత్తి వగర్చుచున్నప్పుడు గాని, కడుపునిండ తిన్న వెంటనే గాని పరీక్షింపరాదు. ముందుగా పైనుండి చూడవలెను. డొక్కలు దాటిన తరువాత నడుము లోనికి నొక్కుకొని, మరల తొంటివద్ద వెడల్పగుట కనబడవలెను. పిమ్మట పక్కనుండి చూడవలెను. రొమ్ము కిందిభాగముకంటె పొత్తికడుపు పైకి లేచియుండవలెను. తరువాత రెండు అరచేతులను డొక్కలకు ఇరువైపుల ఆనించి, అదుమకుండ, వ్రేళ్ళను ముందుకు వెనుకకు జరుపవలెను. పక్కటెముకలు చేతికెట్లు తగులుచున్నవన్నదే ఈ పరీక్షలో ముఖ్యము.

ఎట్లు తగిలిన సరియైనది? అందుకు కొలబద్ద మన చేతిలోనే ఉన్నది. ఎడమచేతిని పిడికిలి బిగించి, కుడిచేతి వ్రేళ్ళను ఆ పిడికిలి కణుపులమీద నడపి చూడుడు. కుక్క పక్కటెముకలు అంత కరకుగా తగిలినచో అది మిక్కిలి చిక్కినది. ఇప్పుడు పిడికిలి విప్పి, చేతిని చాచి, అరచేతి వెనుకవైపున వ్రేళ్ళ మొదళ్ళను తడవుడు. ఎముక తెలియును, దానిపై పలుచని మెత్తదనమును తెలియును. కుక్క డొక్కలు ఇట్లు తగిలినచో సరిగా నున్నది. ఇక చేతిని తిరగవేసి, అరచేతివైపు వ్రేళ్ళ మొదళ్ళను తడవుడు. గట్టిగా అదిమినగాని ఎముక తెలియదు. డొక్కలు ఇట్లున్నచో కుక్కకు కొవ్వు ఎక్కువైనది.

దీనిని అంకెలలో చెప్పుటకు పశువైద్యులు తొమ్మిది మెట్ల కొలమానమును వాడుచున్నారు. డాటీ లాఫ్లామ్ అను పశువైద్య పండితురాలు ఈ కొలమానమును పరీక్షించి 1997లో ప్రచురించినది. ఒకటవ మెట్టున డొక్కలు, వెన్నుపూసలు, తొంటి ఎముకలు దూరమునుండియే కనబడును; కొవ్వు ఏ మాత్రము ఉండదు, కండయు తరిగియుండును. మూడవ మెట్టున డొక్కలు సులభముగ తగులును, వెన్నుపూసల కొనలు కనబడును, నడుము స్పష్టముగ నుండును. నాలుగు, అయిదు మెట్లు సాధారణముగ కోరదగినవి. ఏడవ మెట్టున డొక్కలు కష్టముమీద తగులును. నడుముమీదను, తోకమొదటను కొవ్వు పేరుకొనును. తొమ్మిదవ మెట్టున మెడపైనను, కాళ్ళపైనను సైతము కొవ్వు చేరి, కడుపు కిందికి జారి, నడుమన్నది లేకుండ పోవును. అయిదవ మెట్టుకు పైన ఒక్కొక్క మెట్టు సుమారు నూటికి 10 మొదలు 15 వంతుల అధికభారమునకు గుర్తు. ఏడవ మెట్టునందున్న జాగిలము, తన బరువులో అయిదవవంతుకు తక్కువగాని మూటను రేయింబవళ్ళు మోయుచున్నదన్నమాట. ఆ మూటతో గోడ దూకుమని మనము ఆజ్ఞాపించుచున్నాము.

వేటజాతుల విషయమున ఒక సవరణ కలదు. ముధోల్ వంటి పరుగుకుక్కకు రెండు మూడు పక్కటెముకలు, తొంటి ఎముకల కొనలు పైకి కనబడుట సహజమే. అట్లయిన, తిండిలేక చిక్కిన కుక్కను, పరుగుకు తీర్చిన కుక్కను వేరుపరచుట ఎట్లు? దానికి సమాధానము రెండవ పరీక్షలో దొరకును. అదియే కండ లెక్క.

కండను నాలుగుచోట్ల తడవి చూడవలెను. మొదటిది వెన్ను. చివరి పక్కటెముకకు వెనుకగా, వెన్నుపూసలకు ఇరువైపుల బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని ఆనించి నెమ్మదిగా జరుపవలెను. వెన్నెముక ప్రక్కన కండ నిండుగా, గట్టిగా ఉండవలెను. అచ్చట గాడివలె లోతు పడి, పూసల కొనలు వాడిగా తగిలినచో కండ తరిగినది. శరీరమంతట కండ తరుగునపుడు మొదట తెలియుచోటు తరచుగా ఇదియే. రెండవది రెక్క ఎముక, అనగా ముందుకాలి పైనుండు భుజఫలకము. దాని నడుమ నిలువుగా గట్టువంటి అంచున్నది. దానికి రెండువైపుల కండ నిండియున్నచో గట్టు అంతగా తెలియదు. మూడవది తల. కంటికి పైన, చెవికి ముందు కణతలయందు నమలెడు కండ యున్నది. అది తరిగిన కుక్కకు కణతలు గుంటలు పడి, నడినెత్తి ఎముక అంచువలె లేచి కనబడును. నాలుగవది తొంటి, దానికి కింద తొడ. కూర్చుండబెట్టక నిలువబెట్టియే రెండు తొడలను రెండు చేతులతో ఒకేసారి పట్టి పోల్చవలెను.

దీనికి ప్రపంచ చిన్నజంతు పశువైద్యుల సంఘమువారు నాలుగు తరగతులు చెప్పుచున్నారు: కండ సరిగా నుండుట, కొద్దిగా తరుగుట, ఒక మోస్తరుగా తరుగుట, మిక్కిలి తరుగుట. అంకె వేయుటకంటె ముఖ్యమైనది ఎక్కడ తరిగినదో గుర్తించుట. నాలుగుచోట్లను సమానముగ తరిగినచో తిండిలోపమును, వార్ధక్యమును, శరీరమంతటికి పట్టిన వ్యాధిని అనుమానింపవలెను. ఒక తొడ మాత్రమే సన్నగిల్లినచో ఆ కాలిలో నొప్పి యున్నదనుకొనవలెను. నొప్పిగల కాలిమీద బరువు వేయక కుక్క దానిని కాచుకొనుచున్నది, వాడని కండ కరగుచున్నది. కుంటుట కంటికి కనబడకమునుపే ఈ భేదము చేతికి తెలియవచ్చును. రెండు తొడలును సన్నగిల్లి ముందుభాగము బలముగా నున్నచో తొంటికీళ్ళను, వెన్నుపామును పరీక్షింపజేయవలెను. అల్సేషియన్ జాతికి ఈ రెండుచోట్లను జబ్బులు వచ్చుట పశువైద్యులు బాగుగ ఎరిగినదే. కణతలు మాత్రమే గుంటలు పడినచో నమలు కండకు వాపువ్యాధి వచ్చి తగ్గినదేమో విచారింపవలెను. స్టిరాయిడ్ మందులు చాలకాలము వాడినను కండ తరుగును.

ఇప్పుడు రెండు లెక్కలను కలిపి చూచినచో నాలుగు విధములైన కుక్కలు తేలును. కొవ్వు తక్కువ, కండ నిండుగ నున్నది మొదటిది. ఇది పరుగుకు తీర్చిన కుక్క, దీనిని చూచి జాలిపడనక్కరలేదు. కొవ్వును కండయు రెండును తరిగినది రెండవది. దీనికి తిండి చాలలేదు, లేదా కడుపులో పురుగులున్నవి, లేదా వ్యాధి యున్నది. మన ప్రాంతమున పిడుదులవలన సంక్రమించు ఎర్లికియా అను జ్వరము ఇట్లు కుక్కను పీల్చివేయుట పరిపాటి. కొవ్వు ఎక్కువై కండ గట్టిగ నున్నది మూడవది; ఇది పనిలేక తిని కూర్చున్న కుక్క, దీనిని బాగుచేయుట సులభము. కొవ్వు ఎక్కువై కండ తరిగినది నాలుగవది. అన్నింటిలో ఎక్కువగ అపార్థమునకు గురియగునది ఇదియే. చూచువారు దీనిని బలిసిన దనుకొందురు. దీని తిండి కోసి, పరుగు పెంచుదురు. తిండి కోసినందువలన ఉన్న కండయు తరుగును. పరుగు పెంచినందువలన నొప్పియున్న కీలు మరింత చెడును. సోమరి యని దెబ్బలు తినునది ఎక్కువగ ఈ కుక్కయే.

తిండి విషయమున కొలత ఏమి? కుక్క ఏ పనియు చేయక పడుకొనియున్నను ప్రాణము నిలుపుకొనుటకు కొంత శక్తి కావలెను. దానిని కట్టుట ఇట్లు: కిలోలలో బరువును దానితోనే గుణించి, మరల ఒకసారి గుణింపవలెను, వచ్చినదానికి వర్గమూలము తీసి, ఆ వర్గమూలమునకు మరల వర్గమూలము తీసి, 70 చేత గుణింపవలెను. 25 కిలోల కుక్కకు 25ను మూడుమార్లు గుణించిన 15,625, వర్గమూలము 125, దాని వర్గమూలము 11.18, 70 చేత గుణించిన సుమారు 783 కిలోకేలరీలు. పనిచేయు కుక్కకు దీనికి రెండింతలు మొదలు అయిదింతలవరకు పనినిబట్టి కావలసియుండును. అలాస్కాలో 1973 నుండి జరుగుచున్న ఇడిటరాడ్ పందెమున మంచుబండ్లను లాగు కుక్కలు పందెపు దినములలో రోజునకు సుమారు 10,000 కిలోకేలరీలు ఖర్చు చేయునని అంచనా. అదే బరువుగల జాగిలము రోజునకు రెండు గంటలు పనిచేసి మిగిలినకాలము కొట్టములో పడుకొన్నచో దానికి ఇందులో అయిదవవంతు సరిపోవచ్చును. కావున లెక్క ఆరంభమునకే. దానిని సరిదిద్దవలసినది రెండువారముల కొకసారి డొక్కమీద పెట్టిన చెయ్యి.

తిండి కొలతతోబాటు గుణమును చూడవలెను. మందకుక్కకు మన పల్లెలలో జొన్నసంకటి, రాగిసంకటి, మజ్జిగ, మిగిలిన అన్నము పెట్టుట వాడుక. ఇవి శక్తి నిచ్చును గాని కండ నిలుపుటకు చాలవు. కండకు మాంసకృత్తులు కావలెను. కోడిగ్రుడ్డు, చేప, ఉడికించిన మాంసపు తునకలు ఉన్నంతలో చేర్చవలెను. మంచుబండి కుక్కలపై జరిగిన పరిశోధనలలో మాంసకృత్తులు తక్కువైన తిండి తిన్నవాటికి పనిలో గాయములు ఎక్కువైనట్లు తేలినది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. చచ్చిన గొర్రె ఊపిరితిత్తులను, కాలేయమును పచ్చిగా కుక్కకు వేయరాదు. వానిలోని నీటితిత్తులద్వారా బద్దెపురుగు కుక్క ప్రేవులలో చేరును. దాని గ్రుడ్లు కుక్క మలముతో బయటపడి గొర్రెలకును, మనుష్యులకును చేరి, కాలేయమునందును ఊపిరితిత్తులయందును తిత్తులు కట్టును. బాగుగ ఉడికించి పెట్టిన ఈ భయము లేదు.

కొవ్వు ఎక్కువైన కుక్కను తగ్గించునపుడు తొందర పనికిరాదు. వారమునకు దాని బరువులో నూటికి ఒకటి రెండు వంతులకు మించి తగ్గింపరాదు. తిండి తగ్గించినను మాంసకృత్తుల పాలు తగ్గింపరాదు. లేనిచో కొవ్వుతోబాటు కండయు పోవును. బరువు తూచుటకు కుక్కల కాటా లేకున్నను ఇబ్బంది లేదు. యజమాని కుక్కను ఎత్తుకొని కాటామీద నిలిచి, తరువాత ఒంటరిగ నిలిచి, తేడా తీసికొనవలెను. తొడను కొలుచుటకు దర్జీవాడు వాడు టేపు చాలును. ప్రతిసారి ఒకేచోట, ఒకే బిగువుతో, కుక్క నిలుచున్నప్పుడే కొలువవలెను. తేది, బరువు, కొవ్వు మెట్టు, కండ తరగతి, తొడల కొలతలు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆరునెలల పుస్తకము చూచిన పశువైద్యునికి కుక్క తన కథ తానే చెప్పినట్లుండును.

ఇంత శ్రమ ఎందుకని అడుగువారుండవచ్చును. అమెరికాలో 48 ల్యాబ్రడార్ కుక్కపిల్లలమీద జరిగిన పరిశోధన యొకటి 2002లో ప్రకటింపబడినది. ఒకే ఈతపిల్లలను జంటలుగ చేసి, జంటలో ఒకదానికి రెండవదానికంటె నూటికి 25 వంతులు తక్కువగ తిండి పెట్టి, జీవితాంతము గమనించిరి. ఎక్కువ తిన్నవాటి నడిమి ఆయుర్దాయము 11.2 సంవత్సరములు, సన్నగ నున్నవాటికి 13 సంవత్సరములు. అంతేకాక సన్నగ నున్నవాటికి కీళ్ళనొప్పులు ఆలస్యముగ వచ్చినవి. దాదాపు రెండేండ్ల ఆయుష్షు ఒక గిన్నె కొలతలో నున్నదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమునకు ప్రత్యేకమైన కారణము మరియొకటి కలదు. అది ఎండ. కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. నాలుక చాచి వగర్చియే వేడిని వెలిపుచ్చుకొనవలెను. దాని సహజోష్ణత 101 మొదలు 102.5 ఫారన్‌హీటు డిగ్రీలు. చర్మముకింద కొవ్వు దుప్పటివలె కప్పియున్న కుక్కకు వైశాఖమాసపు ఎండలో పనిచెప్పినచో వేడి లోపలనే నిలిచిపోవును. వడదెబ్బ అట్టి కుక్కకు త్వరగ తగులును, ప్రాణముమీదికి వచ్చును. అందుచేత వేసవికి ముందు, మాఘఫాల్గుణములలోనే జాగిలముల కొవ్వు పరీక్షించి సరిచేయుట మేలు. వేసవిలో పనిని తెల్లవారుజామునకు, సంధ్యవేళకు మార్చవలెను. నీరు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను. కడుపునిండ పెట్టిన వెంటనే పరుగెత్తింపరాదు. లోతైన రొమ్ముగల పెద్దజాతులకు కడుపు ఉబ్బి మెలిపడు ప్రమాదము కలదు.

ఏ స్థితిలో పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను? తిండి మార్చకుండగనే నెలరోజులలో బరువు నూటికి 10 వంతులు తగ్గినను, బాగుగ తినుచును చిక్కిపోవుచున్నను, ఒక కాలి కండ రెండవదానికంటె సన్నగిల్లినను, కొవ్వుండగనే వెన్నుప్రక్క గాడి పడినను, కడుపు మాత్రము ఉబ్బి వెన్ను చిక్కినను ఆలస్యము చేయరాదు. ఈ లక్షణములు తిండివలన వచ్చినవో వ్యాధివలన వచ్చినవో ఇంటివద్ద తేల్చుకొనుట సాధ్యము కాదు. మన చెయ్యి అనుమానము కలిగించునంతవరకే. కారణము తేల్చవలసినది వైద్యుడు. 2011లో ప్రపంచ చిన్నజంతు పశువైద్యుల సంఘమువారు పోషణస్థితిని ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, నొప్పి అను నాలుగింటితోబాటు అయిదవ ముఖ్యపరీక్షగా ఎంచిరి. కావున వైద్యుడు కుక్క వెన్ను తడవకున్నచో తడవుమని అడుగుట యజమానికి తప్పు కాదు.

చివరి మాట వృద్ధాప్యమును గురించి. మనుష్యునికివలెనే కుక్కకును వయస్సు మీరినకొలది వ్యాధి లేకున్నను కండ తరుగును. ఏడెనిమిది సంవత్సరములు కొలువుచేసిన జాగిలము ముక్కు ఇంకను చురుకుగనే యుండవచ్చును. ఆజ్ఞ వినగానే లేచుటకు ఉత్సాహము నుండవచ్చును. కాని దూకుటకు కావలసినది తొడ, నిలుచుటకు కావలసినది వెన్ను. ఉత్సాహమును చూచి పని చెప్పుచు పోయినచో ఒకనాడు అది దూకి లేవలేకపోవును. వయస్సు లెక్కపెట్టి విశ్రాంతి ఇచ్చుటకంటె కండ లెక్కచూచి విశ్రాంతి ఇచ్చుట న్యాయము. ఒక మోస్తరుగా కండ తరిగిన కుక్కను దూకుడు పనులనుండి తప్పించి, వాసన పట్టు తేలికపనిలో నుంచవచ్చును. విశ్రాంతి ఇచ్చిన పిదపను కట్టివేసి ఉంచరాదు. ప్రతిదినము మెల్లగ నడిపించుట, వీలున్నచో ఈదించుట కండను నిలుపును.

ఈ పరీక్షకు పట్టుకాలము అయిదు నిమిషములు. రెండువారముల కొకసారి ఒకే వేళ, ఒకే మనిషి, ఒకే క్రమమున చేయవలెను: పైచూపు, పక్కచూపు, డొక్కలు, వెన్ను, రెక్క ఎముక, కణతలు, తొడలు. మొదటి రెండుమార్లు చేతికేమియు తెలియనట్లుండును. నాలుగు మార్లైన పిదప చెయ్యి తానే జ్ఞాపకముంచుకొనును. ఆ తరువాత కుక్క గోడవద్ద ఆగిననాడు గొలుసు గుంజుటకు ముందు యజమాని వంగి దాని తొడలు తడవి చూచును. అట్లు చూచినవాడు దానిని కారణము లేకుండ కొట్టడు.